అరుగు – రైలు

మా అమ్మాయికి హైటెక్ సిటీలో వుద్యోగం. మా యిల్లు పాతబస్తీలో, హరిబౌలిలో. ఈ రెంటికీ మధ్య యెంత దూరమని మా ఆవిణ్ణి అడిగితే కిలోమీటర్లలో చెప్పదు. "వీధి అరుగు మీద రెండు గంటలు కూర్చునేంత" అంటుంది.

బస్సుల రోజుల్లో ఆ లెక్క నిజమే. 2017 నవంబరులో మియాపూరు నుంచి నాగోలుకు మెట్రో రైలు మొదలైంది. మరుసటి యేడు సెప్టెంబరులో అమీర్‌పేట నుంచి మహాత్మాగాంధీ బస్ స్టేషను మీదుగా ఎల్.బి. నగరుకు దారి పడింది. 2019 మార్చిలో హైటెక్ సిటీ కూడా కలిసింది. అమ్మాయి అక్కడ యెక్కి, అమీర్‌పేటలో బండి మారి, బస్ స్టేషను దగ్గర దిగి ఆటో వెతుక్కునేది. రెండు గంటలు కాస్తా గంటన్నరకు దిగాయి.

2020 ఫిబ్రవరిలో జూబ్లీ బస్ స్టేషను నుంచి మరో దారి వచ్చింది. అసలు పథకం ప్రకారం అది ఫలక్‌నుమా దాకా సాగాలి. దారుల్‌షిఫా, పురానీ హవేలీ, ఎతెబార్ చౌక్, మా హరిబౌలి, శాలిబండ – కాగితం మీద అన్నీ వున్నాయి. బండి మాత్రం పదకొండు కిలోమీటర్లు నడిచి, తొమ్మిదో స్టేషనయిన మహాత్మాగాంధీ బస్ స్టేషను దగ్గరే ఆగిపోయింది. మిగిలింది ఐదున్నర కిలోమీటర్లే! వూరంతా తిరిగే రైలుకు మా వీధే దూరమైందా అని కనిపించిన వాళ్లందరితోనూ వాదించేవాణ్ణి.

2024 మార్చి 8న ఫలక్‌నుమాలో శంకుస్థాపన జరిగింది. ఆ సాయంత్రం మిఠాయి పొట్లంతో యింటికి వచ్చాను.

కొన్నాళ్లకు కొలతల టేపులతో మనుషులు వచ్చారు. రోడ్డు మధ్య స్తంభాలు లేవాలంటే వీధి నూరడుగుల వెడల్పు కావాలిట. గోడ మీద గీత గీసి వెళ్లారు. గీతకు యివతల యిల్లు. అవతల వీధిగదిలో సగమూ, అరుగూ.

ఆ అరుగు మా తాతగారు వేయించినది. మా నాన్నగారు దాని మీదే కూర్చుని వీధి పిల్లలకు లెక్కలు చెప్పారు. పరిహారం యిస్తారు, దానితో మరో గది కట్టుకోవచ్చు. తాతగారి అరుగు మళ్లీ యెవరు వేస్తారు? పోనీ వద్దందామా అంటే, రైలు రాలేదని అంతమందితో పోట్లాడినవాణ్ణి, యిప్పుడు యే మొహంతో అనను?

ఆ రాత్రి యిద్దరమూ అరుగు మీదే కూర్చున్నాం. తొమ్మిదిన్నరకు అమ్మాయి ఆటో దిగింది.

"ఇది పోతే యెక్కడ కూర్చుంటావే?" అన్నాను.

"రైలు యింతదాకా వస్తే యింతసేపు కూర్చోవడం యెందుకండీ?" అంటూ మా ఆవిడ లేచింది. గుమ్మం దగ్గర ఆగి, "అయినా ఆ బండి పైనించి పోతుందిగా. డాబా మీద ఓ కుర్చీ వేయించండి, కనిపిస్తుంది" అని, అమ్మాయికి అన్నం పెట్టడానికి లోపలికి వెళ్లింది.

నేను మరి కాసేపు అక్కడే కూర్చున్నాను.