ఆ రాత్రి ఇచ్చిన మత్తు ఇంజెక్షన్

రాత్రి 2:40 అయ్యింది. ఖమ్మంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూ బయట నేనూ బాబాయీ కూర్చున్నాం. లోపల నాన్న. న్యుమోనియా ముదిరి సెప్సిస్ అయ్యింది. డ్యూటీ డాక్టర్ బయటికొచ్చారు. నాకంటే రెండు మూడేళ్లు పెద్దావిడేమో.

"ఆయన సొంతంగా ఊపిరి తీసుకోలేకపోతున్నారు. గొట్టం వేసి వెంటిలేటర్ మీద పెట్టాలి. దానికి మత్తు ఇవ్వాలి. బీపీ ఇప్పటికే తక్కువుంది, ఇంకా పడిపోవచ్చు. సంతకం పెడతారా?"

పెట్టాను. చదవకుండానే. కొత్త యాప్‌లో 'ఐ అగ్రీ' నొక్కినంత తొందరగా.

పది నిమిషాలకి లోపల హడావుడి మొదలైంది. బీపీ పడిపోయి గుండె ఆగింది. ఛాతీ నొక్కి మళ్లీ కొట్టుకునేలా చేశారు. నాన్న ఆ రాత్రి గట్టెక్కారు గానీ, నాలుగో రోజు సాయంత్రం పోయారు. 2025 జనవరిలో.

పెద్దకర్మ రోజు బాబాయి అందరి ముందూ అన్నాడు. "అన్న రోగంతో పోలేదురా. ఆ మత్తు సూదితో పోయిండు." ఎవరూ కాదనలేదు. నేనూ అనలేదు. సంతకం నాదే కదా, ఏమంటాను?

కేస్ షీట్ ఫొటోలు నా ఫోన్‌లో ఉన్నాయి. డాక్టర్ల చేతిరాత చదవడానికి రెండు రాత్రులు పట్టింది. ఆ గంట దగ్గర ఒక పేరు కనిపించింది. కెటమిన్. అప్పటిదాకా నాకు తెలిసిన కెటమిన్ అంటే పార్టీల్లో పోలీసులు పట్టుకునే సరుకు. "నాన్నకి ఇదిచ్చారా?" అని ఒళ్లు మండిపోయింది.

తర్వాత తెలిసింది. అది 1962లో తయారైన మందు. 1985 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఉంది. బీపీ తక్కువున్న వాళ్లకి దాన్నే ఎంచుకోవడానికి కారణం కూడా ఉంది. ప్రొపొఫాల్ లాంటి మత్తుమందులు బీపీని దించేస్తాయి. కెటమిన్ మాత్రం ఒంట్లోని అడ్రినలిన్ లాంటి రసాయనాలను తట్టి లేపి బీపీని నిలబెడుతుంది. పుస్తకం ప్రకారం అంతే. కానీ రోజుల తరబడి ఇన్‌ఫెక్షన్‌తో పోరాడి ఆ నిల్వలు అడుగంటిన మనిషిలో లేపడానికి ఏం మిగులుతుంది? అప్పుడు గుండె కొట్టుకునే బలాన్ని తగ్గించే దాని రెండో గుణం బయటపడొచ్చు. పైగా వెంటిలేటర్ గాలిని లోపలికి నెట్టినప్పుడు ఛాతీలో ఒత్తిడి పెరిగి, గుండెకి తిరిగొచ్చే రక్తం తగ్గుతుంది. అంటే మత్తు ఒక్కటే కాదు, గొట్టం వెనకున్న గాలి కూడా బీపీని పడేస్తుంది.

మరి ఇంకో మందు లేదా? ఉంది, ఎటోమిడేట్. బీపీ జోలికి పెద్దగా పోదని దానికి పేరు. దాని కథ ఇంకో రకం. 1983లో బ్రిటన్‌లో ఒక ఐసీయూ డాక్టర్లు, దీన్ని రోజుల తరబడి ఎక్కించిన గాయాల రోగుల్లో మరణాలు పెరిగాయని గమనించారు. కిడ్నీల మీదుండే అడ్రినల్ గ్రంథుల్లో కార్టిసాల్ తయారీని అది ఆపేస్తుందని తేలింది. ఒక్క డోసు ఇచ్చినా దాదాపు ఒక రోజంతా ఆ ప్రభావం ఉంటుంది. ఒంటికి కార్టిసాల్ బాగా కావాల్సిన రోజు కూడా అదే.

డల్లాస్‌లో ఒక ఆసుపత్రిలో 801 మంది మీద చేసిన పరీక్ష ఫలితాలు 2022లో వచ్చాయి. ఏడో రోజుకి కెటమిన్ ఇచ్చినవాళ్లలో 85.1 శాతం, ఎటోమిడేట్ ఇచ్చినవాళ్లలో 77.3 శాతం బతికున్నారు. 28వ రోజుకి ఆ తేడా గట్టిగా నిలబడలేదు. అయినా ఏడో రోజు అంకె చూసిన డాక్టర్ ఎవరైనా ఎటు మొగ్గుతారు? మా డాక్టరమ్మ కూడా అటే మొగ్గారు.

ఇక 2025 డిసెంబర్‌లో అమెరికా నుంచే ఇంకా పెద్ద పరీక్ష ఫలితం వచ్చింది. 14 ఐసీయూలు, ఎమర్జెన్సీ విభాగాల్లో 2,365 మంది. ఎవరికి ఏ మందన్నది చీటీ వేసినట్టు నిర్ణయించారు. మా ఆఫీసులో బటన్ ఎర్రగా ఉండాలా నీలంగా ఉండాలా అని ఏ/బీ టెస్ట్ చేస్తాం. ఇది కూడా అదే పద్ధతి. మా దగ్గర పోయేది క్లిక్కులు, ఇక్కడ మనుషులు. 28 రోజుల్లో చనిపోయినవాళ్లు కెటమిన్ వైపు 28.1 శాతం, ఎటోమిడేట్ వైపు 29.1. తేడా ఉందని చెప్పలేం. కానీ గొట్టం వేసే ఆ కాసేపట్లో బీపీ బాగా పడిపోవడమో, బీపీ పెంచే మందు మొదలుపెట్టాల్సి రావడమో, గుండె ఆగడమో జరిగినవాళ్లు కెటమిన్ వైపు 22.1 శాతం, ఎటోమిడేట్ వైపు 17. గాయాలతో వచ్చినవాళ్లని ఇందులో చేర్చలేదు. నాన్నలాంటి రోగులే ఎక్కువ.

ఆ పేజీ చదివి ఫోన్ బోర్లా పెట్టేశాను. నాన్న పోయిన పదకొండు నెలలకి వచ్చిన అంకెలు అవి. ఆ రాత్రి డాక్టరమ్మ దగ్గర లేవు. ప్రొడక్షన్‌లో ఏదైనా పగిలితే, ఆ రోజు తెలిసినదాన్ని బట్టే ఆ రోజు నిర్ణయాన్ని తూచమంటాం మేం. మీటింగ్‌లో అనడం తేలికే. నాన్న విషయంలో అలా అనుకోవడానికి నాకు వారం పట్టింది.

ఆదివారం బాబాయికి ఫోన్ చేసి మొత్తం చెప్పాను. అంకెలు చెప్తుంటే ఊఁ కొడుతున్నాడు. అయిపోయాక అడిగాడు.

"అయితే ఆ రెండో మందిస్తే అన్న బతికెటోడా?"

"గుండె ఆగకపోయేదేమో బాబాయ్. బతికేవాడా అంటే మాత్రం, రెండు మందులకీ చావులు దాదాపు ఒకటే ఉన్నయ్."

చాలాసేపు ఏం మాట్లాడలేదు. లైన్ కట్ అయ్యిందేమో అనుకున్నా.

"బీపీ పడొచ్చని ఆమె ముందే చెప్పింది కదరా," అన్నాడు. "నేను పక్కనే ఉన్న. విన్న."

తర్వాత, వచ్చే నెల సంవత్సరీకానికి లీవు పెట్టావా అని అడిగాడు. పెట్టానన్నాను.