ముందు చక్రాలు గియ్యండి

మా చిన్నప్పుడు విజయవాడలో, పటమట వైపు ఉండేవాళ్లం. ఆటోనగర్‌కి నడిచి వెళ్లేంత దూరం. 1966లో పెట్టిన ఆ ఆటోనగర్‌కి మేం బడికెళ్లే 1980ల నాటికే లారీ బాడీలు కట్టడంలో ఎంతో పేరుంది. కొత్త లారీ అంటే చాలామందికి రంగులద్దిన కేబిను, తలుపుల మీద పువ్వులు, నెత్తిన దేవుడి పేరు గుర్తొస్తాయి. మాకు మాత్రం ఒంటిమీద ఏమీ లేని చాసిస్ గుర్తొచ్చేది. జంషెడ్‌పూర్ నుంచి టాటావి, మద్రాసు పక్కన ఎన్నూరు నుంచి లేలాండువి హైవే మీద ఒకదాని వెనక ఒకటి వచ్చేవి. రెండు పొడుగాటి ఇనప దూలాలు, కింద చక్రాలు, ముందు ఇంజను, అంతే. డ్రైవరు ఏదో చెక్క సీటు మీద కూర్చుని, మొహానికి తువ్వాలు చుట్టుకుని, ఎండకీ వానకీ అలాగే తోలుకొచ్చేవాడు. తలుపు లేదు, అద్దం లేదు, కప్పు లేదు. అయినా బండి పరిగెత్తుకొస్తోంది!

బండి వేరు, దాని రూపం వేరు అన్న సంగతి మాకు అలా కళ్లతో చూసి తెలిసింది. రూపం మనిషి తర్వాత పెట్టేదైతే, మనకు నచ్చింది మనమెందుకు పెట్టకూడదు? మా వీధి పిల్లలకి కారు బొమ్మల పిచ్చి పట్టింది అందుకే.

రోడ్డు మీద మేం చూసే కార్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అంబాసిడరు, ఫియట్, ఎక్కడో ఒక స్టాండర్డ్ హెరాల్డ్. 1983 డిసెంబరులో మారుతి వచ్చింది కానీ మా వీధిదాకా రావడానికి ఇంకొంత కాలం పట్టింది. ఆ కరువే మాకు మేలు చేసిందని ఇప్పటికీ నా నమ్మకం. చూడ్డానికి పది రకాలుంటే చూసి ఊరుకునేవాళ్లమేమో. లేవు కాబట్టి గీసుకున్నాం. లెక్కల నోటుబుక్కు వెనక పేజీలు, క్యాలెండరు కాగితాల వెనక వైపు, పెళ్లి శుభలేఖల ఖాళీ అట్టలు, ఏది దొరికితే అది. చక్రాలకి నాణేలు. అంబాసిడరు లాంటి పెద్ద బండికి రూపాయి బిళ్ల, మారుతికి అర్ధరూపాయి. అది ఊరికే పెట్టుకున్న లెక్క కాదు. అంబాసిడరు చక్రం రిమ్ము 15 అంగుళాలు, మారుతిది 12. చిన్న బిళ్లతో గీస్తేనే అది మారుతిలా కనిపించేది.

అందరం మొదట్లో బాడీతోనే మొదలెట్టేవాళ్లం. పొడుగాటి ముక్కు, ఏటవాలు అద్దం, వెనక రెక్కలు అన్నీ అయ్యాక కింద రెండు సున్నాలు తగిలించేవాళ్లం. దాన్ని మార్చింది మా మావయ్య. ఆటోనగర్‌లో ఒక బాడీ షెడ్డులో ఆయన హెడ్ వడ్రంగి. సెలవుల్లో క్యారేజీ ఇవ్వడానికి వెళ్తే కాసేపు అక్కడే ఉండనిచ్చేవాడు. షెడ్డు నిండా తుమ్మచెక్క పొట్టు వాసన, ఓ మూల వెల్డింగు మెరుపులు, ఇంకో మూల రేకు మీద సుత్తి దెబ్బలు. ఒకరోజు మావయ్య మోకాళ్ల మీద కూర్చుని, నూలుదారానికి సుద్ద రాసి, రెండు కొసలూ ఇద్దరు పట్టుకోగా మధ్యలో లాగి వదిలాడు. నేల మీద తిన్నటి తెల్ల గీత పడింది. అది చాసిస్. దాని మీద చక్రాలు పెట్టాడు, ఆ తర్వాత డ్రైవరు సీటు, ఆ సీటు నుంచి రోడ్డు వైపు ఒక ఏటవాలు గీత. డ్రైవరు చూపు అది. కేబిను ఇంకా గియ్యలేదు. ఆ గీతకి ఏదీ అడ్డు రాకుండా చూసుకుని అప్పుడు కట్టాడు కేబినుని.

నా నోటుబుక్కు చూసి పకపకా నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. లారీ బొమ్మని చూసినంత శ్రద్ధగా చూశాడు. "ఒరేయ్ అబ్బాయ్, ముందు చక్రం తిరగడానికి చోటేదిరా? మలుపులో రేకుని కోసేస్తది," అన్నాడు. "ముందు చక్రాలు గియ్యండి. రెంటికీ మధ్యన ఇంకో మూడు చక్రాలు పట్టేంత జాగా వదలండి. మనిషిని కూర్చోబెట్టండి. అప్పుడు మీ ఇష్టం, ఏ రెక్కలైనా పెట్టుకోండి." ఆయన లెక్క ఆయనకు పనిలో వచ్చిందే. కార్ల డిజైనర్లు కూడా చక్రాల మధ్య దూరాన్ని చక్రాలతోనే కొలుస్తారని చాలా ఏళ్లకు చదివినప్పుడు నాకు పట్టలేనంత సంతోషమేసింది.

అప్పట్నుంచి మా బొమ్మలు మారిపోయాయి. మనిషిని కూర్చోబెట్టాలి అనేసరికి ఎవర్ని అన్న ప్రశ్న వచ్చింది. కృష్ణలంక నుంచి వచ్చే మా క్లాసువాడు పడవ అడుగున్న కారు గీశాడు. ఏటికి నీళ్లొస్తే వాళ్ల వీధి మునిగేది. ఇంటిల్లిపాదీ అందులో ఎక్కి బందరు రోడ్డు మీదికి వచ్చేయాలని వాడి ఆలోచన. "పొగగొట్టం కప్పు మీదికి తిప్పు, లేకపోతే నీళ్లెక్కి ఆగిపోద్ది," అన్నాడు మావయ్య. వాడు వెంటనే దిద్దాడు. మా అక్క కారు మాత్రం ఎవరికీ తట్టనిది. మా నాయనమ్మకి మోకాళ్ల నొప్పులు, అంబాసిడరులోకి ఎక్కాలంటే ఇద్దరు పట్టుకోవాలి. అక్క గీసిన కారులో తలుపు తీయగానే సీటు బయటికి తిరుగుతుంది, కింద నుంచి ఒక మెట్టు వస్తుంది. కూర్చుని లోపలికి తిరగడమే. మాలో అందరికంటే బాగా గీసేది అక్కే. మెట్రిక్ అయ్యాక దాన్ని డ్రాయింగు వైపు ఎవరూ పంపలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

లెనిన్ సెంటరు పాత పుస్తకాల కొట్లలో ఒక విదేశీ పత్రిక దొరికింది. అట్ట చిరిగిపోయి ఉంది. మధ్య పేజీల్లో ఒక బండి, చీలిక చెక్కలా నేలకి అతుక్కుపోయి. అది లాన్సియా స్ట్రాటోస్ జీరో అని, 1970 టూరిన్ ప్రదర్శనలో పెట్టారని, ఎత్తు 84 సెంటీమీటర్లేనని పెద్దయ్యాక తెలిసింది. ముందు అద్దమే తలుపు, దాన్ని పైకెత్తి లోపలికి దిగాలి. గీసినవాడు మార్చెల్లో గాందీని, బెర్తోనే సంస్థలో.

ఆయన గురించి చదువుతూ పోతే మా ఆటోనగరే కనిపించింది. లంబోర్గిని వాళ్లు మియురా కారుని 1965లో టూరిన్‌లో తొలిసారి చూపించినప్పుడు అది ఉత్త చాసిసే. బాడీ లేదు. దానికి రూపం కట్టే పని బెర్తోనేకి దక్కింది, ఇరవై ఏడేళ్ల గాందీని గీశాడు, తర్వాతి ఏడాది జెనీవాలో నిండు కారుని నిలబెట్టారు. బెర్తోనే, పినిన్‌ఫారినా ఇవన్నీ పుట్టుకతో బాడీ షెడ్లే. అమెరికాలో కలల కార్లకి ఆద్యుడనదగిన హార్లీ ఎర్ల్ తండ్రిది కూడా లాస్ ఏంజెలెస్‌లో గుర్రబ్బండ్ల షెడ్డు. 1938లో ఎర్ల్ చేయించిన బ్యూక్ వై-జాబ్‌నే తొలి కాన్సెప్టు కారని చెబుతారు. మా హెరాల్డ్‌ని గీసిన మికెలొత్తీ కూడా టూరిన్ వాడే. వీధి చివర డాక్టరుగారి హెరాల్డ్ బానెట్టు మడ్‌గార్డులతో సహా ఒకే ముక్కగా ముందుకి ఒరిగేది. దానికీ లారీలాగే విడిగా చాసిస్ ఉంటుందని మావయ్య వంగి మరీ చూపించాడు. అంబాసిడరుకి అలా ఉండదు, అందులో బాడీయే బండి.

పిల్లల గీతలని పెద్దవాళ్లు నిజంగా పట్టించుకున్న చోటు ఒకటుంది. అమెరికాలో ఫిషర్ బాడీ క్రాఫ్ట్స్‌మన్స్ గిల్డ్. 1930 నుంచి 1968 దాకా నడిచింది. మొదట్లో రాచబండి నమూనా చేయాలి. 1937 నుంచి సొంతంగా ఊహించిన కారుని అసలులో పన్నెండో వంతు కొలతకి చేసి పంపొచ్చు. గెలిస్తే కాలేజీ చదువుకి వేల డాలర్ల స్కాలర్‌షిప్పు. 1947లో అలా గెలిచిన చక్ జోర్డాన్ 1986లో జనరల్ మోటార్స్ డిజైన్ విభాగానికి అధిపతి అయ్యాడు. అయితే అది మగపిల్లలకి మాత్రమే. ఆ ముక్క చదివి చాలాసేపు పుస్తకం ముందుకి కదల్లేదు.

మన దగ్గర గీతని రోడ్డెక్కించినవాడు హైదరాబాదు సుధాకర్ యాదవ్. బడిలో ఉండగానే మొదలైన సరదాని వదలకుండా, బహదూర్‌పురాలో సుధా కార్స్ మ్యూజియం పెట్టాడు. బూటు కారు, క్రికెట్ బ్యాటు కారు, కప్పు కారు, అన్నీ నడిచేవే. వాటిని చూసి వింత అని నవ్వుకుని వచ్చేసేవాళ్లని చూస్తే నాకు బాధ. కింద వంగి చూడండి. ఆ వంకర రూపం కింద చక్రం తిరగడానికి చోటు ఎలా సాధించాడో, మనిషిని ఎక్కడ కూర్చోబెట్టాడో గమనించండి. ఆ లెక్క తేల్చడం ఎంత కష్టమో మావయ్య షెడ్డులో చూశాను నేను.

జపాన్‌లో టయోటా వాళ్లు ముసలివాళ్ల కోసం తలుపు వైపు తిరిగే సీటున్న కార్లు అమ్ముతున్నారని తెలిసినప్పుడు అక్కకి ఫోన్ చేశాను. సంబరపడుతుందనుకున్నాను. "మెట్టు ఎక్కణ్నుంచి వస్తుంది?" అంది. తెలీదన్నాను. రాత్రికల్లా వాట్సాప్‌లో బొమ్మ పంపింది. గుమ్మం కింద సొరుగులా బయటికి జారే మెట్టు, ఎంత పొడుగు జారాలో పక్కన కొలత. కింద ఒక ప్రశ్న: వాన పడితే బురద పట్టేసి సొరుగు ఇరుక్కోదూ? మావయ్యని అడిగి చెప్పమంది.