బెంగుళూరు వెళుతున్నారా? ముందు ఫలహారం సంగతి చూసుకోండి!

మీ అబ్బాయో అమ్మాయో బెంగుళూరులో ఉద్యోగం చేస్తూ ఉండవచ్చు. సెలవులకు రమ్మని రైలు టిక్కెట్లు కొని పంపించి ఉండవచ్చు. "నాన్నగారూ, ఆదివారం పొద్దున్నే గోల్ఫుకి వెళదాం, అటునుంచి అటే మంచి హోటల్లో దోసె తిందాం" అని ఊరించి కూడా ఉండవచ్చు. తప్పకుండా వెళ్ళండి. వద్దనే డాక్టర్ని కాను నేను. కాని మీకు చక్కెర జబ్బు ఉండి, పొద్దున్నే మాత్ర వేసుకునే అలవాటుంటే, పెట్టె సర్దుకునే ముందు ఈ నాలుగు మాటలూ చదవండి. ఇవి వైద్య గ్రంథాల్లోంచి ఏరి చెబుతున్నవి కావు. నేను స్వయంగా పడిన పాట్లు.

నాకు యాభై ఏడేళ్ళు. సర్కారు ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్ళకు పైగా రోగుల్ని చూస్తున్నాను. తొమ్మిదేళ్ళుగా నాకూ చక్కెర జబ్బు ఉంది. "మాత్ర వేసుకున్నాక తిండి ఆలస్యం చెయ్యకండి, జేబులో పంచదార పొట్లం ఉంచుకోండి" అని రోజుకి ఇరవై మందికైనా చెబుతాను. ఇక నా జేబు సంగతంటారా? అది తర్వాత మనవి చేస్తాను.

మా బావగారు బ్యాంకులో రిటైరయి బెంగుళూరులో స్థిరపడ్డారు. వారానికి రెండు రోజులు గోల్ఫు ఆడతారు. కిందటేడు నేను వెళ్ళినప్పుడు, "ఏమోయ్ డాక్టరూ, పేషెంట్లను నడవమని చంపుతావు కదా, రేపు నువ్వు నడువు చూద్దాం" అన్నారు. మర్నాడు ఆదివారం. తెల్లవారుఝామున అయిదున్నరకు మా అక్క ఉప్మా చేస్తానంటే బావగారు ఒప్పుకోలేదు. "ఆట కాగానే దోసె తింటాంగా, ఇప్పుడెందుకూ కడుపు నింపుకోవడం?" అన్నారు. నేను చక్కెర లేని కాఫీ తాగి, రెండు బిస్కెట్లు తిని, అలవాటుగా మాత్ర మింగి బయలుదేరాను.

మైదానం ఎంత బాగుందని! కనుచూపు మేరా పచ్చిక, మంచు, పక్షుల కూతలు. తొమ్మిది గుంటల ఆటే ఆడాం. నేను ఆడిందాని కన్నా బంతిని వెతుక్కుంటూ తిరిగిందే ఎక్కువ. ఎనిమిదీ ముప్పావుకి ముగించి, పేరున్న ఒక పాత హోటలుకి వెళ్ళాం. దాని పేరు చెప్పను, ఎందుకంటే తప్పు వాళ్ళది కాదు. ఆదివారం కదా, వాకిట్లో జాతర. పేరు రాయించి నిలబడ్డాం. పావుగంట, అరగంట, ముప్పావుగంట.

మొదట నాకు కోపం వచ్చింది. దేనికో తెలియదు. "మీవల్లే ఇదంతా" అని పెద్దాయన్ని, మా బావగారిని, పదిమందిలో కసిరాను. ఆయన తెల్లబోయారు. తర్వాత మెడ వెనక చల్లటి చెమట. చేతులు సన్నగా వణుకుతున్నాయి. గోడ మీది కన్నడ అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపిస్తున్నాయి. "ఎండ కాబోలు" అనుకున్నాను చూడండి! ఇవే లక్షణాలతో వచ్చిన రోగికి ఒక్క క్షణంలో జబ్బు పేరు చెప్పగలను. నాకు వచ్చేసరికి ఎండ అనుకున్నాను. మెదడుకి చక్కెర తగ్గినప్పుడు మొట్టమొదట పోయేది ఆ వివేచనే.

వరసలో మా వెనక ఒక పెద్దావిడ ఉన్నారు. డెబ్భై ఏళ్ళుంటాయి. నా మొహంలోకి ఒక్కసారి చూసి, "కూత్కొళ్ళి, కూత్కొళ్ళి" అని చెయ్యి పట్టుకుని మెట్టు మీద కూర్చోబెట్టారు. సంచీలోంచి చిన్న డబ్బా తీసి, నా అరచేతిలో పంచదార పోసి, "సక్కరె, తిన్రి" అన్నారు. ఆ మాటకి అనువాదం అక్కర్లేదు కదా. తిన్నాను. పది పదిహేను నిమిషాలకి లోకం మళ్ళీ స్థిరపడింది. ఆవిడ ఇరవై ఏళ్ళుగా ఇన్సులిన్ తీసుకుంటున్నారట. పంచదార డబ్బా లేకుండా గడప దాటరట. "ఈయన డాక్టరమ్మా" అని మా బావగారు చెప్పబోతుంటే నేనే ఆపేశాను. సిగ్గేసింది.

ఇంతకీ జరిగిందేమిటి? నేను వేసుకునే గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు క్లోమగ్రంథి చేత బలవంతాన ఇన్సులిన్ ఊరిస్తాయి. మీరు తిన్నారా లేదా అన్నది వాటికి పట్టదు. దానికి తోడు నడక. నడిచే కండరం రక్తంలోని చక్కెరను లాక్కుంటుంది. ఒకవైపు రాబడి లేదు, రెండువైపులా ఖర్చు. గ్లిబెన్‌క్లమైడ్, గ్లిక్లజైడ్ వాడేవారికీ, ఇన్సులిన్ తీసుకునేవారికీ ఇదే ప్రమాదం. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి ఈ భయం చాలా తక్కువ. అందుచేత ఊరికి వెళ్ళేముందు మీ మాత్ర ఏ జాతిదో మీ డాక్టరుని అడిగి తెలుసుకోండి. ఎక్కువ నడిచే రోజున మోతాదు తగ్గించాలా అన్నదీ ఆయన్నే అడగండి. సొంతంగా మానెయ్యకండి.

మైదానం ఎంచుకోవడం ఎలా?

గోల్ఫు అంటే దొరల ఆట, మనకెందుకులే అనుకోకండి. వైద్యుడి దృష్టిలో అది మధ్యమధ్య ఆగుతూ నడిచే మంచి నడక. పూర్తి ఆట పద్ధెనిమిది గుంటలు. బండి ఎక్కకుండా ఆడితే నాలుగు గంటలకు పైగా పడుతుంది, ఎనిమిది కిలోమీటర్ల దాకా నడక అవుతుంది. కొత్తవారికి అందులో సగం, తొమ్మిది గుంటలు చాలు.

బెంగుళూరులో ఈ ఆటకి పెద్ద చరిత్రే ఉంది. ఊరి నడిబొడ్డున శాంకీ రోడ్డు మీదున్న బెంగుళూరు గోల్ఫ్ క్లబ్బు 1876లో పుట్టింది. పాత విమానాశ్రయం వైపు కర్ణాటక గోల్ఫ్ అసోసియేషన్ వారి మైదానం ఉంది. ఊరికి దూరంగా నంది కొండ వైపు కూడా కొత్త మైదానాలు వచ్చాయి. క్లబ్బుల్లో చాలావాటికి సభ్యుడి వెంట అతిథిగా వెళ్ళాల్సి ఉంటుంది. బట్టలకీ, బూట్లకీ కూడా నియమాలుంటాయి. ముందే ఫోన్ చేసి కనుక్కోండి. కనుక్కునేటప్పుడు గుంటలెన్ని, రుసుమెంత అని మాత్రమే కాకుండా ఈ నాలుగు ప్రశ్నలు కూడా అడగండి.

ఒకటి: తొమ్మిది గుంటల దగ్గర ఆట ఆపి వెనక్కి వచ్చే వీలుందా? రెండు: దారిలో నీడా, మంచినీళ్ళూ, మరుగుదొడ్డీ ఉన్నాయా? రక్తపోటుకి నీళ్ళ మాత్ర వేసుకునేవారికీ, ప్రోస్టేట్ బాధ ఉన్న మగవారికీ ఇది చిన్న విషయం కాదు. మూడు: పొద్దున ఎన్నింటి నుంచి అక్కడ ఫలహారం దొరుకుతుంది? నాలుగు: మీరున్న ఇంటినుంచి ఎంత దూరం? బెంగుళూరు ట్రాఫిక్కులో పది కిలోమీటర్లంటే గంట పట్టవచ్చు. మాత్రకీ ఇడ్లీకీ మధ్య ఆ గంట కూడా కలుస్తుంది. నన్నడిగితే, ఈ నాలుగింటికీ మంచి జవాబు వచ్చిన చిన్న మైదానం, పేరుమోసిన పెద్ద మైదానం కన్నా మేలు.

బెంగుళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది. గాలి చల్లగా ఉంటుంది కాబట్టి దాహం తెలియదు, ఎండ మాత్రం ఎండే. టోపీ పెట్టుకోండి, దాహం వెయ్యకపోయినా మధ్యమధ్య నీళ్ళు తాగండి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రాలు ఉరుములతో వానలు పడతాయి. ఉరుము వినిపిస్తే చేతిలోని కర్ర కింద పెట్టి భవనంలోకి వెళ్ళండి, చెట్టు కిందికి మాత్రం వెళ్ళకండి. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగండి. కొత్త బూట్లు ఆరోజే తొడుక్కోకండి. చక్కెర జబ్బువారికి పాదం మొద్దుబారి ఉంటే బొబ్బ ఎక్కినా తెలియదు. ఇంటికి రాగానే అరికాళ్ళు చూసుకోండి. పచ్చిక మీద మందులు చల్లుతారు గనుక తినేముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. నడుస్తూ ఉండగా గుండె బరువెక్కినా, ఎడమ చేతికో దవడకో నొప్పి పాకినా, ఆట గీట అనకుండా కూర్చుని 108కి ఫోన్ చేయించండి.

గోల్ఫు కుదరకపోతే చింతించకండి, లాల్‌బాగ్ ఉంది. 1760లో హైదరాలీ మొదలుపెట్టించిన తోట అది. విస్తీర్ణం 240 ఎకరాలు. 1889లో కట్టిన అద్దాల మందిరం ఇప్పటికీ ఉంది. కెంపేగౌడ గోపురం ఉన్న ఆ బండరాయి వయసు దాదాపు మూడు వందల కోట్ల సంవత్సరాలట! పొద్దున్నే వందలమంది నడుస్తుంటారు. అలసిపోతే బెంచీ ఉంది, ఆకలేస్తే గేటు బయటే ఫలహారం ఉంది. మా అక్కకి ఇదే గోల్ఫు మైదానం.

హోటలు ఎంచుకోవడం ఎలా?

బెంగుళూరు పాత హోటళ్ళకి వెళ్ళకుండా రావడం నేరమే. లాల్‌బాగ్ రోడ్డులోని ఎమ్.టి.ఆర్. 1924లో మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బియ్యం కరువైనప్పుడు రవ్వ ఇడ్లీ అక్కడే పుట్టిందంటారు. గాంధీ బజారులోని విద్యార్థి భవన్ 1943 నాటిది, దోసెకి పేరు. ఇవన్నీ చూడవలసినవే. అయితే ఆదివారం తొమ్మిదింటికి కాదు. మామూలు రోజున, తెరిచిన వేళకి వెళ్ళండి. ఆదివారమే కుదిరితే ఇంట్లో ఒక ఇడ్లీయో, కాస్త ఉప్మాయో తిని, అప్పుడు మాత్ర వేసుకుని వెళ్ళండి. వరసలో నిలబడి మాత్ర వేసుకోకండి. ప్లేటు కంటికి కనబడ్డాక వేసుకోండి.

కొత్త ఊళ్ళో హోటలుకి నా కొలత ఒక్కటే: జనం వస్తూ పోతూ ఉండాలి, వంట పొగలు కక్కుతూ బల్ల మీదికి రావాలి. ఆవిరి మీద ఉడికిన ఇడ్లీ, పెనం మీదినుంచి దిగిన దోసె కడుపుకి ద్రోహం చెయ్యవు. పొద్దుటినుంచి గిన్నెలో కూర్చున్న కొబ్బరి పచ్చడి చెయ్యవచ్చు. నీళ్ళ విషయంలో అనుమానముంటే కాఫీతో సరిపెట్టుకోండి. "సక్కరె బేడ" అంటే చక్కెర లేకుండా ఇస్తారు. చౌచౌ బాత్ అంటే ఒకే ప్లేటులో ఉప్మా, కేసరి రెండూ వస్తాయి. కేసరి ముక్క పక్కవారితో పంచుకోండి, ఇద్దరికీ పుణ్యం.

రాగి ముద్ద గురించి ఒక మాట. మన రాయలసీమ సంగటికి అది అన్నదమ్ముడే. కాల్షియమూ, పీచూ పుష్కలంగా ఉంటాయి. కాని "రాగులు కదా, చక్కెర పెరగదు" అని రెండు ముద్దలు మింగకండి. పిండిపదార్థం బియ్యానికి దాదాపు సాటిగా ఉంటుంది. ఒక ముద్ద, ఎక్కువ పులుసు, ఆకుకూర - అదీ లెక్క. ఆంధ్ర భోజనశాలలకీ ఆ ఊళ్ళో కొదవ లేదు. ఊరగాయ చూసి ప్రాణం లేచి వచ్చినా, రక్తపోటు ఉన్నవారు నాలుకకి రాసుకుని వదిలెయ్యాలి.

జేబులో ఏముండాలి?

మూడు టీ చెంచాల పంచదార, కాగితంలో పొట్లం కట్టి. అంతే! అకారణంగా కోపం, ఆకలి, చెమట, వణుకు, గుండె దడ, చూపు మసకబారడం - వీటిలో ఏ రెండు వచ్చినా పరీక్ష చేసే యంత్రం కోసం వెతక్కండి. ముందు పంచదార తినండి. పదిహేను నిమిషాలు కూర్చోండి. తగ్గకపోతే మళ్ళీ అంతే తినండి. తగ్గాక ఇడ్లీయో అన్నమో తినాలి, లేకపోతే మళ్ళీ పడిపోతుంది. బిస్కెట్టు, చాక్లెట్టు ఈ పనికి రావు. వాటిలోని కొవ్వు వల్ల చక్కెర నెమ్మదిగా ఎక్కుతుంది. గుండెకో రక్తపోటుకో బీటా బ్లాకర్లు వాడేవారికి దడా, వణుకూ తెలియకపోవచ్చు. చెమటను నమ్ముకోండి. మనిషి స్పృహ తప్పితే నోట్లో ఏమీ పొయ్యకండి, పక్కకి తిప్పి పడుకోబెట్టి ఆసుపత్రికి చేర్చండి. వెంట వెళ్ళేవారికి ఈ సంగతులు ముందే చెప్పి ఉంచండి. అప్పటికి మీరు చెప్పే స్థితిలో ఉండరు. నేను లేను.

ఆ రోజు చివరికి దోసె తిన్నాం. చాలా బాగుంది కూడా. మా బావగారికి క్షమాపణ చెప్పుకున్నాను. ఆ పెద్దావిడ బిల్లు మేం ఇవ్వబోతే ఒప్పుకోలేదు. ఖాళీ అయిన డబ్బా మాత్రం నా చేతికిచ్చి హోటలువాళ్ళని అడిగి నింపించమన్నారు. నింపించి ఇచ్చాను. నా కోసం ఒక పొట్లం కూడా కట్టించుకున్నాను. ఇది రాస్తున్నప్పుడు కూడా అలాంటి పొట్లమొకటి నా చొక్కా జేబులో ఉంది. మీ జేబులో ఉందా?