చాలు అనే మాట

బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్న ఆడదాన్ని ఎవరు పలకరించినా రెండే ప్రశ్నలు. ఎన్ని కిలోలు తగ్గావు? ఇప్పుడేం తింటున్నావు? మొదటిదానికి జవాబు ఒక అంకె. 38. అది వినగానే అవతలివాళ్ళ చూపు నన్ను పైనుంచి కిందికి ఒకసారి తూచి తృప్తిపడుతుంది. రెండోదానికి జవాబు వినే ఓపిక ఎవరికీ ఉండదు. నాకు చెప్పాలనిపించేది మాత్రం ఆ రెండోదాని గురించే. ఈ మూడేళ్ళలో నా ఒంట్లో వచ్చిన మార్పుకంటే నా కంచం చుట్టూ వచ్చిన మార్పు పెద్దది.

మాది పెదకాకాని. గుంటూరు, విజయవాడల మధ్య, ఒకప్పుడు 5వ నంబరు, ఇప్పుడు 16వ నంబరు అంటున్న జాతీయ రహదారి పక్కన ఊరు. ఊరి పేరు చెప్పగానే భ్రమరాంబా మల్లేశ్వరస్వామి గుడి గుర్తొస్తుంది చాలామందికి. ఆదివారం వచ్చిందంటే కొత్త కార్లు పూజకి వరస కడతాయి. పొంగళ్ళు పొంగుతాయి. పిల్లలకి చెవులు కుట్టిస్తారు, అన్నప్రాసనలు చేయిస్తారు. ఇంకోపక్క బాజీబాబా దర్గా, ఉరుసుకి మతంతో పనిలేకుండా వచ్చే జనం. ఏ మొక్కు తీరినా చివరికి నలుగురికి అన్నం పెట్టడంతోనే పూర్తవుతుంది మా ఊళ్ళో. ఎదురుపడితే ‘బాగున్నావా’ కంటే ముందు ‘అన్నం తిన్నావా’ అని అడుగుతారు. అలాంటి చోట తినడం తగ్గించిన ఆడది ఎలా బతుకుతుంది?

2022లో నాకు 43 ఏళ్ళు. పదేళ్ళుగా షుగరు. మోకాళ్ళు బడి మెట్లెక్కనిచ్చేవి కావు. నేను హైస్కూల్లో లెక్కలు చెప్తాను. బోర్డు ముందు నిలబడలేక కుర్చీలో కూర్చుని చెప్పే రోజులొచ్చాయి. నడక, డైటింగు, మాత్రలు, చిరుధాన్యాలు, ఎవరు ఏం చెపితే అది చేశాను. తగ్గడం, మళ్ళీ పెరగడం. ఆపరేషన్ అన్నప్పుడు బంధువులందరి నోటా ఒకటే పేరు, ఆర్తీ అగర్వాల్. 2015లో ఆమె 31 ఏళ్ళకే అమెరికాలో చనిపోయింది. అంతకు కొద్ది వారాల ముందు ఆమె చేయించుకున్నది లైపోసక్షన్, అంటే చర్మం కింది కొవ్వుని పీల్చి తీయడం. నాకు చెప్పింది వేరే ఆపరేషన్ అంటే ఎవరూ వినలేదు. ‘అందం కోసం ప్రాణం మీదికి తెచ్చుకుంటావా’ అన్నారు. అదే ఏడాది ‘సైజ్ జీరో’ సినిమా వచ్చింది. అందులో లావుపాటి అమ్మాయిగా నటించడానికి అనుష్క బరువు పెరిగిందని అందరూ మెచ్చుకున్నారు. పాత్ర కోసం పెరిగితే అంకితభావం. ఆరోగ్యం కోసం తగ్గించుకుంటే సోకు. ఆడదాని ఒంటి బరువుకి ఎప్పుడూ ఎవరో ఒకరు అర్థం చెప్తూనే ఉంటారు కదా!

నాకు చేసింది గ్యాస్ట్రిక్ బైపాస్. పొట్ట పైభాగంలో కోడిగుడ్డంత సంచిని విడదీసి, చిన్నపేగుని తెచ్చి దానికి కలుపుతారు. మిగతా పొట్ట లోపలే ఉంటుంది గానీ తిండి దాని మొహం చూడదు. 1966లో అమెరికాలోని అయోవాలో ఎడ్వర్డ్ మేసన్ అనే సర్జన్ దీన్ని మొదలుపెట్టాడు. అల్సర్ల కోసం పొట్టలో కొంతభాగం తీసేసిన ఆడవాళ్ళు మళ్ళీ ఒళ్ళు చేయకపోవడం చూసి ఆయనకీ ఆలోచన వచ్చిందట. ఆ తర్వాత పద్ధతులు చాలా మారాయి. ఇప్పుడు కడుపు కోయకుండా చిన్న చిన్న రంధ్రాలతోనే చేస్తారు. ఆసుపత్రిలో గడిపిన రోజుల గురించి చెప్పడానికి ఇంతకంటే ఏం లేదు.

అసలు కథ ఇంటికొచ్చాక మొదలైంది. మొదట తేటగా ఉండే నీళ్ళు. తర్వాత మజ్జిగ, పప్పుకట్టు. ఆ తర్వాత మెత్తగా మెదిపినవి. చివరికి ముద్ద. పసిపిల్లకి అలవాటు చేసినట్టే. మా గుడిలో ఆడపిల్లలకి అయిదో నెలలోనో, మగపిల్లలకి ఆరో నెలలోనో అన్నప్రాసన చేయించడానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. నాకు 43వ ఏట మా వంటింట్లో అయింది రెండో అన్నప్రాసన.

డైటీషియన్ రాసిచ్చిన కాగితం ఇప్పటికీ మా ఫ్రిజ్ మీద ఉంది. రోజుకి 60 నుంచి 80 గ్రాముల మాంసకృత్తులు. కంచంలో ముందు అవే తినాలి, అన్నం చివర. తినేటప్పుడు నీళ్ళు తాగకూడదు, తిన్నాక అరగంట ఆగాలి. ఐరన్, కాల్షియం, బి12, డి విటమిన్లు జీవితాంతం. ఇవన్నీ బాగానే అర్థమయ్యాయి. నన్ను నిలువునా ఆపేసింది ఇంకో వాక్యం. ‘ప్రశాంతంగా కూర్చుని, బాగా నమిలి, కనీసం 20 నిమిషాలు తినాలి.’

పెళ్ళయిన 20 ఏళ్ళలో ఏనాడైనా 20 నిమిషాలు కూర్చుని తిన్నానా? మీరు తిన్నారా? పొద్దున గిన్నె గట్టుమీద పెట్టుకుని, ఒక చేత్తో బాక్సులు సర్దుతూ, నిలబడి నాలుగు ముద్దలు. రాత్రి అందరూ తిన్నాక, గిన్నెల్లో ఏం మిగిలితే అది. పిల్లలు వదిలేసిన పెరుగన్నం, మా ఆయన కంచంలో మిగిలిన కూర, ‘పారేస్తే పాపం’ అని అడుగు గీసిన పప్పు. ఆకలై తిన్నది తక్కువ, పారబోయలేక తిన్నది ఎక్కువ. మా ఇంట్లో చెత్తబుట్ట నా కడుపే. దాని బరువే నా మోకాళ్ళు మోశాయి. డాక్టర్లు అడిగిన ప్రశ్నల్లో ‘నూనె ఎంత వాడతారు’ ఉంది గానీ ‘మీ ఇంట్లో ఎవరి తర్వాత తింటారు’ అన్నది లేదు.

కోడిగుడ్డంత సంచికి పాపపుణ్యాలు తెలియవు. నాలుగు ముద్దలు ఎక్కువైతే ఛాతీలో రాయి పెట్టినట్టు ఉంటుంది. గబగబా మింగితే వాంతి. అంచేత తప్పనిసరిగా కూర్చున్నాను. వేడివేడిగా, అందరికంటే ముందు. మొదటి వారం మా అత్తయ్య ఏమీ అనలేదు, కానీ వంటింట్లో గిన్నెల చప్పుడు పెరిగింది. మగాళ్ళు తినకముందే కోడలు కంచం ముందు కూర్చోవడం ఆవిడ 72 ఏళ్ళలో చూడలేదు. చేపల పులుసు పెట్టిన రోజు, కాగితంలో రాసినట్టు నేను నడిమి ముక్క వేసుకున్నాను. మా ఇంట్లో ఆ ముక్క మామయ్యది, ఆయన పోయాక మా ఆయనది. నాకూ అత్తయ్యకీ ఎప్పుడూ తలా తోకా. ఆవిడ ఆ ముక్క వంక చూసి, నా వంక చూసి, ‘ముల్లు చూసుకో అమ్మాయ్’ అంది. అంతే. రెండు నెలలు గడిచాక ఒకరోజు తనూ కంచం తెచ్చుకుని నా పక్కన కూర్చుంది. ‘నువ్వొక్కదానివే తింటుంటే బాగోలేదులే’ అంది. ఇద్దరం మాట్లాడుకోకుండా అరగంట తిన్నాం. ‘కూర వేడిగా ఉంటే ఇంత బాగుంటుందా’ అంది చివర్లో. ఆ మాటకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు. ఆడవాళ్ళం ముందు కూర్చుని వేడి కూర తినడానికి మా ఇంట్లో ఒకరి పేగులు కోసి కుట్టాల్సి వచ్చింది.

ఇష్టమైనవి ఒక్కొక్కటే తిరిగొచ్చాయి, కానీ వెనకటిలా రాలేదు. నేతి ఇడ్లీ మొదట వచ్చింది, అరముక్క. గోంగూర పచ్చడి, పచ్చి ఉల్లిపాయ లేకుండా, వేలి కొసతో. గుంటూరు వాళ్ళకి కారం లేకుండా బతకడం ఎలాగా అని భయపడ్డాను. కారం నన్ను వదల్లేదు, పండుమిరప పచ్చడి వాసనకి నోరూరడం ఆగలేదు. వదిలింది అన్నమే. అన్నం ముద్ద ఆ సంచి దగ్గర బంకలా అడ్డం పడుతుంది. కొందరికి సర్దుకుంటుందిట, నాకు సర్దుకోలేదు. రెండు గుడ్లు, పెసరట్టులో సగం, గిన్నెడు పెరుగు తిని లేస్తే కడుపు నిండుతుంది. ‘అన్నం తిన్నావా’ అంటే మాత్రం లేదనే చెప్పాలి. అది విని జాలిపడనివాళ్ళు లేరు. మిర్చిబజ్జి సంగతి వేరు. వాము, చింతపండు పెట్టి వేయించిన బజ్జీని సాయంత్రం బండి దగ్గర నిలబడి నాలుగు లాగించే ఆ ఆనందం నిజంగానే పోయింది. దాన్ని తలుచుకుని ఏడ్చాను కూడా. తిండి మీద బెంగ పెట్టుకోవడం సిగ్గుపడాల్సిన విషయమని నేననుకోను. ఇప్పుడు ఒకటి కొని, పైతొక్క తీసి, మిరపకాయ తింటాను. బండి అబ్బాయికి అలవాటైపోయింది. ‘మీది చల్లారబెట్టి ఉంచా మేడం’ అంటాడు.

బయట తినడం ఇంకో యుద్ధం. మా అమ్మ తరం ఆడవాళ్ళకి హోటలంటే గుంటూరు ఆసుపత్రికి వెళ్ళినప్పుడో, పెళ్ళిబట్టలకి వెళ్ళినప్పుడో మాత్రమే. అప్పుడూ తెర కట్టిన ఫ్యామిలీ రూములో, మగతోడుతో. నేను లావుగా ఉన్నప్పుడు ఆ తెర లేకపోయినా ఉన్నట్టే ఉండేది. బిర్యానీ తెప్పించుకుంటే పక్క బల్లవాళ్ళు ముందు ప్లేటు వంక చూసి తర్వాత నా వంక చూసేవాళ్ళు. ఆపరేషన్ అయ్యాక తొలిసారి హైవే పక్క హోటల్లో అందరం కూర్చున్నప్పుడు నేను ఒక చికెన్ ముక్క, రెండు చెంచాల పెరుగు పచ్చడి తిని చేయి కడుక్కున్నాను. సర్వరు కంగారుగా వచ్చి ‘బాగోలేదామ్మా’ అన్నాడు. పెళ్ళిళ్ళలో ఇంకా ఘోరం. ‘ఇంకొంచెం’ అంటూ వడ్డిస్తూనే ఉంటారు. విస్తరి మీద చేతులు అడ్డం పెట్టినా వేళ్ళ సందుల్లోంచి వేస్తారు. వద్దంటే మర్యాద చేయనివ్వలేదని అలుగుతారు.

లావుగా ఉన్నప్పుడు ‘తినకు’ అన్నవాళ్ళే ఇప్పుడు ‘తిను’ అంటున్నారు. రెండుసార్లూ నా నోటిమీద హక్కు వాళ్ళదే. ఆడది తనంతట తను ‘కావాలి’ అన్నా తప్పే, ‘చాలు’ అన్నా తప్పే.

ఈ సందర్భంలో నాకు మంగళగిరి పానకాలస్వామి గుర్తొస్తాడు. బిందెతో పానకం తెచ్చి స్వామి నోట్లో పోస్తే సగం తాగి, సగం మనకే వదిలేస్తాడని నమ్మకం. గుటకల చప్పుడు వినిపిస్తుందంటారు. ఇన్ని వందల ఏళ్ళుగా ఎవరూ ఆయన్ని ‘ఇంకొంచెం’ అని బలవంతం చేయలేదు. ‘మా పానకం బాగోలేదా’ అని అలగలేదు. సగంతో చాలు అనడమే ఆయన మహిమ అయింది. ఆ ప్రసాదం నాకు మాత్రం పడదు. బైపాస్ అయినవాళ్ళు తీపి తాగితే అది పొట్టలో ఆగకుండా నేరుగా చిన్నపేగులోకి దూకుతుంది, ఒంట్లోని నీటిని అక్కడికి లాగేస్తుంది. అరగంట లోపల గుండె దడ, చెమటలు, కడుపునొప్పి. ఇంకో గంటా రెండు గంటలకి షుగరు పడిపోయి వణుకు రావచ్చు కూడా. డంపింగ్ అంటారు దీన్ని. కొండమీద ఉద్ధరిణెడు పానకం కళ్ళకద్దుకుని, నాలిక తడిపి, మిగతాది మా అమ్మాయి చేతిలో పోస్తాను. రుచికి ఆ తడి చాలు.

ఒకటి మాత్రం మరిచిపోలేను. నాకు ఉద్యోగం ఉంది, అప్పు పుట్టింది, సెలవు దొరికింది. మా ఊళ్ళోనే మిరప కోతలకి వెళ్ళే ఆడవాళ్ళున్నారు. గుంటూరులో కాయలకి తొడిమలు తీసి, చేతుల మంట ఆరక రాత్రి ముద్ద కలుపుకోలేని వాళ్ళున్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో సుమారు 36 శాతం మంది అధిక బరువుతోనో, ఊబకాయంతోనో ఉన్నారు. అదే సర్వేలో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత. ఈ రెండు అంకెలూ కలిపి చూస్తే అర్థమవుతుంది, మన ఒళ్ళు తిండి ఎక్కువై మాత్రమే పెరగలేదని. బియ్యంతో కడుపు నిండింది, రక్తం నిండలేదు. గుడ్డు, చేప, మాంసం, పాలు ఇంట్లో ఎవరి కంచంలో పడుతున్నాయో చూస్తే మిగతా లెక్క తేలిపోతుంది. బైపాస్ తర్వాత ఇనుము ఒంటబట్టడం ఇంకా తగ్గుతుంది, అది ఎక్కువగా ఒంటబట్టే పేగు భాగాన్నే తిండి దాటిపోతుంది కాబట్టి. అందుకే ఆరునెలలకోసారి రక్తపరీక్ష నాకు తప్పదు. ఆపరేషన్ అయిపోయింది అని ఎవరైనా అంటే నవ్వొస్తుంది. ఇది జీవితాంతం చేసే కాపురం.

చేయించుకోమనీ, వద్దనీ నేనెవరికీ చెప్పను. షుగరు మాత్రలు తగ్గాయి, మోకాళ్ళు మెట్లెక్కుతున్నాయి, నిలబడి పాఠం చెప్తున్నాను. నాకు చాలు. కానీ ఆ కాగితంలో ఉన్న సగం మాటలకి ఆపరేషన్ అక్కర్లేదు. ముందు కూర్చో. వేడిగా తిను. మంచి ముక్క నువ్వు వేసుకో. మిగిలింది నీ కడుపులో పారేయకు. అవి ఏ ఆడపిల్లకయినా అన్నప్రాసన నాడే చెప్పాల్సినవి.

మా అమ్మాయి ఇంజనీరింగ్ చదువుతోంది. పోయిన సెలవుల్లో స్నేహితురాళ్ళతో గుంటూరులో తిని వచ్చి, అన్నం గిన్నె మూత తీసిన వాళ్ళ నాన్నతో అంది, ‘నాకు కడుపు నిండింది, మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టు నాన్నా’. ఆయన పెట్టాడు.