అరచేతిలో పాఠం

పిల్లలూ! ఎన్నో ఏళ్ళు బడిలో సైన్సు చెప్పినవాణ్ణి నేను. అయినా టైర్లకు గాలికొట్టే ఒక కుర్రవాడూ, చేపల లారీ నడిపే ఒక డ్రైవరూ నాకు నేర్పిన పాఠం మీకు చెప్పాలి.

2019 మే నెలలో ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం పెళ్ళికి కారులో బయలుదేరాం. మనుషులం అయిదుగురం, వెనక బోలెడు సామాను. అప్పటికే ఎండలో ఊరంతా తిరగడంవల్ల టైర్లు బాగా వేడెక్కాయి. గాలికొట్టు దగ్గర ఆపి చూపిస్తే, 33 పౌన్లు ఉండవలసిన గాలి 38 ఉంది.

"దారిలో ఇంకా వేడెక్కి పేలిపోతుంది. 28కి దించవోయ్!" అన్నాను.

ఆ కుర్రవాడు ఒకప్పుడు నా దగ్గర చదివినవాడే. "వేడిమీద గాలి తీయకూడదండి, మాస్టారూ. చల్లారాక చూద్దాం," అన్నాడు.

"వేడికి వాయువు వ్యాకోచిస్తుందని నీకు చెప్పింది నేను కాదుటోయ్?" అన్నాను. పాపం, మారుమాట్లాడక గాలి తీశాడు.

భీమడోలు దాటాక రబ్బరు కాలిన వాసన వేసింది. ఏమిటా అనుకునేలోగా వెనక టైరు ఢామ్మని పేలింది! మా అల్లుడు కంగారుపడి బ్రేకు తొక్కకుండా, స్టీరింగు గట్టిగా పట్టుకుని, బండిని మెల్లగా పక్కకు తెచ్చాడు. నా పక్కన ఆరేళ్ళ మనుమరాలు ఉంది. ఆ క్షణం తలుచుకుంటే ఇప్పటికీ నా చేతులు వణుకుతాయి.

వెనకే కొల్లేటి చేపలు ఐసులో వేసుకుపోతున్న లారీ ఒకటి ఆగింది. డ్రైవరు దిగి, మిగిలిన మూడు టైర్ల మీదా అరచెయ్యి ఆనించి చూశాడు. "అన్నింటిలోనూ గాలి తక్కువేనండి. అంచులు ఎలా కాలుతున్నాయో చూడండి," అన్నాడు.

నా పొరపాటు ఎక్కడుందో తెలుసా? ఒక ఇనుప తీగెను గబగబా అటూ ఇటూ వంచి చూడండి. వంగినచోట వేడెక్కుతుంది. టైరూ అంతే. నేలకు ఆనినచోట వంగుతుంది, పైకి లేవగానే మళ్ళీ నిలబడుతుంది. వంచడానికి ఖర్చయిన శక్తిలో కొంత వేడిగా మారుతుంది. గాలి తక్కువైతే టైరు మరీ ఎక్కువ వంగుతుంది, మరీ ఎక్కువ కాలుతుంది. 30 డిగ్రీలు వేడెక్కితే 33 పౌన్లు 38 కావడం సహజమే. ఆ పెరుగుదలను ముందే లెక్కవేసి, చల్లని టైరుకు ఎంత గాలి ఉండాలో కారు మీద రాస్తారు. నేను గాలి వేడిని చూశాను గాని, ఆ వేడి పుట్టేచోటు చూడలేదు!

పందెం కార్లవాళ్ళకు ఇదే పెద్ద విద్య. రబ్బరు చల్లగా ఉంటే రోడ్డును పట్టదు; మరీ కాలితే జారుతుంది, త్వరగా అరుగుతుంది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగరు ఒడ్డున ఫార్ములా ఇ పందెం జరిగింది. 22 విద్యుత్ కార్లలో ఫ్రాన్సు దేశపు జాన్ ఎరిక్ వెర్న్ నడిపిన కారు గెలిచింది. ఆ పందాలలో టైర్లను ముందుగా దుప్పట్లు చుట్టి వేడిచేయకూడదు. అందుకే డ్రైవర్లు పందెం మొదలయ్యే ముందు బండిని పాములా మెలికలు తిప్పుతారు, గట్టిగా బ్రేకులు వేస్తారు.

పందెం కార్ల ఇంజనీర్లు సన్నని సూదివంటి థర్మామీటరుతో టైరును మూడుచోట్ల పరీక్షిస్తారు: లోపలి అంచు, నడుమ, బయటి అంచు. నడుమ ఎక్కువ కాలితే గాలి ఎక్కువైందన్నమాట. రెండు అంచులూ కాలితే గాలి తక్కువ. లోపలి అంచే బాగా కాలితే చక్రం పైభాగం మరీ లోపలికి వాలిందని గ్రహించి సరిచేస్తారు. చక్రాలు తిన్నగా లేకపోతే టైరు రోడ్డుమీద ఈడ్చుకుపోయి, అలా కూడా వేడెక్కుతుంది. మన లారీ డ్రైవరు అరచేతితో చూసిందీ ఇదే పరీక్ష!

పెళ్ళినుంచి తిరిగి వస్తూ ఆ గాలికొట్టు దగ్గర ఆగి, "నువ్వు చెప్పిందే నిజమోయ్, నేనే తప్పాను," అన్నాను. వాడు సిగ్గుపడి, "టైర్లు చల్లారనివ్వండి మాస్టారూ, చూస్తాను," అన్నాడు. అరగంట పైగా కూర్చున్నాను.

మీ నాన్నగారి బండికి గాలి చూపించేటప్పుడు, అది చల్లగా ఉందో లేదో మీరూ అడగండి.