చెక్కకి ఇంటిపేరు

మీ ఇంట్లో కొబ్బరినూనె సీసా ఉందా? దాన్ని వంటనూనె అంటారా, తలనూనె అంటారా? "అదేం ప్రశ్నండీ, తలకి రాసుకునేదేగా!" అంటారు మీరు. మీ వీధిలో కేరళ ఆవిడ ఎవరైనా ఉంటే అడిగి చూడండి. అవియల్‌లో పోయకపోతే అది అవియలే కాదంటుంది. ఈ చిన్న తగాదా పన్నుల కోసం మన సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2018లో ఇద్దరు న్యాయమూర్తులు చెరో మాటా చెప్పారు. చివరికి 2024 డిసెంబరులో ముగ్గురు కూర్చుని తేల్చారు. తలనూనె అని చెప్పి, ఆ లక్షణాలతో అమ్మితే తప్ప, చిన్న సీసాలో పోసినంత మాత్రాన కొబ్బరినూనె తలనూనె అయిపోదట!

బి.ఎ.లో చరిత్రా, తెలుగూ చదివి, నవలలు రాసుకునే నాకు ఈ గొడవలెందుకూ అంటారా? మా వదిన వల్ల వచ్చిపడ్డాయి.

మా అన్నయ్యకి ఇళ్ళలో చెక్క నేలలు వేయించే చిన్న కొట్టుండేది. ఆయన పోయాక అందరూ "అమ్మెయ్యమ్మా, ఆడదానివి, ఏం చూసుకుంటావు?" అన్నవాళ్ళే. వదిన వినలేదు. గాజులు బ్యాంకులో పెట్టి, ఐరోపా నుంచి ఒక కంటైనరు ఓక్ పలకలు తెప్పించింది. ఇంజనీర్డ్ ఫ్లోరింగ్ అంటారు వాటిని. పైన అసలైన ఓక్ చెక్క, కింద చవక చెక్క పొరలు అడ్డంగా, నిలువుగా అతికించి ఉంటాయి. అందుకే ఎండకీ వానకీ ఒకే దుంగలోంచి కోసిన పలకలంతగా ఉబ్బవు, వంకర తిరగవు.

సరుకు రేవులో దిగింది. అక్కడ ఆగిపోయింది. కారణం ఏమిటంటే దాని ఇంటిపేరు తేలలేదు!

ప్రపంచంలో కొని అమ్మే ప్రతి వస్తువుకీ ఒక అంకె ఉంటుంది. బ్రస్సెల్స్‌లో ఉన్న ప్రపంచ కస్టమ్స్ సంస్థ తయారుచేసిన ఈ జాబితా 1988 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. మన దేశంలో 1975 నాటి కస్టమ్స్ టారిఫ్ చట్టం ఇప్పుడు ఆ వరసనే పాటిస్తోంది. ప్రాణమున్న జంతువులతో మొదలై, పురాతన కళాఖండాల దాకా నడుస్తుంది. మా బంధువుల పెళ్ళిళ్ళలో పిలుపుల జాబితా కూడా ఇంత పకడ్బందీగా ఉండదు.

చెక్కకి 44వ అధ్యాయం. ఆ ఒక్క అధ్యాయంలోనే నేల పలకలకి నాలుగు ఇళ్ళున్నాయి సుమండీ! ఒకే చెక్కలోంచి కోసి, ఒక అంచున గాడీ రెండో అంచున ఆ గాడిలో దూరే నాలుకా తీర్చిన పలకైతే 4409. చెక్క పీచుని గట్టిగా అదిమి, పైన చెక్క బొమ్మ అచ్చేసిన కాగితం అతికిస్తే 4411. ప్లైవుడ్ మీద పల్చటి చెక్కరేకు అతికించి, ముక్కలు పేర్చినట్టు భ్రమ కలిగిస్తే 4412. నిజంగానే పట్టీలు పక్కపక్కన పేర్చి, కింద ఆధారపు పొరలతో బిగించిన నేల పలకైతే 4418. దుకాణంలో వీటిలో సగానికి 'వుడెన్ ఫ్లోరింగ్' అనే ఒకే పేరు. పుస్తకం దుకాణం మాట వినదు. మొదటి సూత్రమే అది: శీర్షికలో, దాని కింది వివరణల్లో ఏం రాసి ఉందో అదే ప్రమాణం. రెండు ఇళ్ళూ "మాదంటే మాది" అంటే స్పష్టంగా వర్ణించిన దానికే మొగ్గు. అప్పటికీ తేలకపోతే ఆ వస్తువుకి ప్రాణం ఎక్కడుందో చూడాలి. అదీ కుదరకపోతే వరసలో చివరి అంకె.

అంకె మారితే ఏమవుతుందనుకున్నారు? సుంకం మారచ్చు, ఒప్పందాల రాయితీ పోవచ్చు, కొత్త ధ్రువపత్రం అడగచ్చు. పైగా 2011 నుంచి అంకె, సుంకం మొదట లెక్కగట్టి రాయాల్సింది తెప్పించుకున్నవాళ్ళే. వదిన 4418 రాసింది. అధికారికి 4412 ఏమో అని అనుమానం. ఆయన్ని తప్పుపట్టలేం. పైనుంచి చూస్తే రెండూ అక్కచెల్లెళ్ళలా ఉంటాయి. ఈలోగా రేవులో అద్దె రోజురోజుకీ పెరిగిపోతోంది.

నేను భయపడి ఫోను చేశాను. "ఏం చేస్తున్నావు వదినా?"

"పలక కోయిస్తున్నానే. పైనుంచి చూస్తే వాళ్ళకి ఏం తెలుస్తుంది? అడ్డంగా కోస్తే కదా లోపలేముందో కనబడేది!"

మా పాత వడ్రంగి చేత నమూనా పలకని అడ్డంగా కోయించి, నున్నగా చిత్రిక పట్టించింది. పైన నాలుగు మిల్లీమీటర్ల ఓక్ పట్టీలు మూడు, పక్కపక్కన. కింద ఆధారం. ఫ్యాక్టరీ వాళ్ళ పటాలు తెప్పించి, ఆ ముక్కని చీర చెంగులో చుట్టుకుని ఆఫీసుకి వెళ్ళింది. 1962 నాటి కస్టమ్స్ చట్టంలో ఒక వెసులుబాటుంది. విచారణ నడుస్తుండగానే బాండు రాసిచ్చి, తాత్కాలిక లెక్క మీద సరుకు విడిపించుకోవచ్చు. అలాగే విడిపించింది. అయిదు నెలల తర్వాత 4418నే ఖాయం చేస్తూ కాగితం వచ్చింది.

ఆ అయిదు నెలలూ నాకు ఒకటే ఆలోచన. మనల్ని ఎవరైనా అడ్డంగా కోసి చూశారా అని! 2001 జనాభా లెక్కల్లో ఇంటిపని చేసే ఆడవాళ్ళని పని చేయనివాళ్ళ కింద, బిచ్చగాళ్ళతో, ఖైదీలతో కలిపి చూపించడాన్ని 2010లో ఒక తీర్పులో సుప్రీంకోర్టే తప్పుపట్టింది. తెల్లవారుజామున లేచి పాలు కాచే చెయ్యి, మామగారికి మందులిచ్చే చెయ్యి, పిల్లాడికి లెక్కలు చెప్పే చెయ్యి ఏ అధ్యాయంలోకి వస్తాయో ఎవరూ వెతకలేదు. ఆ మధ్య మా ఇంటికొచ్చిన లెక్కల కుర్రాడు "మీ వృత్తి?" అన్నాడు. "రచయిత్రిని" అన్నాను. పాపం, చాలా మర్యాదస్తుడు. "అంటే, గృహిణి అని రాయమంటారాండీ?" అన్నాడు. నేను రెండూ రాయించాను. గడి సరిపోక రెండోది అంచు మీదికి పాకింది.

వదిన గాజులు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి. మొన్న వచ్చినప్పుడు వెదురు పలకల నమూనాలు పట్టుకొచ్చింది. వాటికి మళ్ళీ వేరే అంకెట.

"మళ్ళీ తగాదా వస్తేనో?" అన్నాను.

"2021 నుంచి ముంబైలో, ఢిల్లీలో ముందస్తు నిర్ణయాలు చెప్పే ప్రాధికారాలున్నాయే. ఈసారి సరుకు ఓడెక్కకముందే అడుగుతా" అంటూ, రంపం ఎక్కడుందని మా వంటింట్లోకి వెళ్ళింది.