వైరు లేని బండిలో పైక్స్ పీక్

ఈ వేసవిలో అమ్మా నాన్నా మా ఇంటికి, డెన్వర్‌కి వచ్చారు. వచ్చిన వారానికే నాన్న గోడ మీది క్యాలెండర్‌లో మంచుకొండ బొమ్మ చూపించి, "దీని మీదికి కారు పోతుందంట గదమ్మా, ఎప్పుడు పోదాం?" అన్నారు.

అది పైక్స్ పీక్. ఎత్తు 14,115 అడుగులు. శిఖరం దాకా 19 మైళ్ళ రోడ్డు ఉంది. ఎనిమిదేళ్ళుగా కొలరాడోలో ఉంటున్నా నేనెప్పుడూ ఆ కొండ ఎక్కలేదు. "శనివారం ఆయన తీసుకెళ్తారులే నాన్నా" అని మాట దాటేశాను.

దాటేయడానికి కారణం ఉంది. కిందటేడు జూలైలో పిల్లలిద్దరినీ వెనక కూర్చోబెట్టుకుని ఐ-70 మీద పడమటి వైపు వెళ్తున్నాను. ఐసెన్‌హోవర్ సొరంగం ఇంకో మూడు మైళ్ళు ఉందనగా, ఎక్కుడులో కారు ఒక్కసారిగా నీరసించిపోయింది. డ్యాష్‌బోర్డు మీద పసుపు లైటు, ఇంజిన్ పవర్ తగ్గించామని ఒక మెసేజి. పెడల్ నేలకంటా తొక్కినా పాతిక మైళ్ళ వేగం దాటలేదు. వెనక ట్రక్కు హారన్ ఆపకుండా మోగిస్తున్నాడు. హజార్డ్ లైట్లు వేసుకుని ఎలాగో షోల్డర్ మీదికి చేరేసరికి నా చేతులు వణుకుతున్నాయి. "అమ్మా, కారు చచ్చిపోయిందా?" అని చిన్నది ఏడుపు.

టో ట్రక్కులో షెడ్డుకి చేర్చాక మెకానిక్ చెప్పాడు: థ్రాటిల్ బాడీలో ఒక సెన్సర్ తప్పు చూపిస్తోందట. అది విడిగా దొరకదు, మొత్తం మార్చాలి. దాదాపు 600 డాలర్లు వదిలాయి. డబ్బు సంగతి అలా ఉంచితే, ఆ రోజు నుంచీ కొండదారి అంటే స్టీరింగ్ మా ఆయనకే అప్పజెప్పడం అలవాటైంది. నేను తొక్కినా వినని బండిని నమ్మి పిల్లల్ని ఎలా ఎక్కించుకోను?

శనివారం రానే వచ్చింది. తెల్లవారుజామున మా ఆయనకి ఆఫీసులో ఏదో సర్వర్ పడిపోయిందని ఫోను. వేసవిలో పైక్స్ పీక్ రోడ్డుకి ముందే టైము రిజర్వేషన్ చేసుకోవాలి. మాది పొద్దున పది గంటలకి. అమ్మ అప్పటికే పులిహోర డబ్బాలో సర్దేసింది. నాన్న బూట్లు వేసుకుని గుమ్మంలో నిలబడ్డారు. ఇక తప్పలేదు.

ఐ-25 మీద దక్షిణానికి వెళ్తూ కిందటేటి సంగతి నాన్నకి చెప్పాను. ఆయన మార్కాపురం దగ్గర బడిపంతులుగా చేశారు. ముప్ఫై ఏళ్ళు చేతక్ స్కూటర్ నడిపి, దాని ప్రతి నట్టూ విప్పి బిగించిన మనిషి.

"యాక్సిలరేటర్ వైరు తెగిందామ్మా?"

"దీనికి వైరు లేదు నాన్నా. డ్రైవ్ బై వైర్ అంటారు."

"వైరు లేదంటావు, మళ్ళా వైరు అంటావు. ఏందమ్మా ఇది?"

నవ్వొచ్చింది కానీ ప్రశ్న సరైనదే. పాత బండిలో పెడల్ నుంచి ఇంజిన్‌కి గాలి వెళ్ళే గొట్టం దాకా ఒక ఉక్కు తీగ ఉండేది. మనం తొక్కితే తీగ లాగేది, గొట్టంలోని రేకు తలుపు తెరుచుకునేది. వదిలితే స్ప్రింగు దాన్ని మూసేసేది. ఇప్పటి కార్లలో పెడల్ దగ్గర సెన్సర్లు ఉంటాయి. ఎంత తొక్కామో అవి కంప్యూటర్‌కి కరెంటు తీగల మీద చెబుతాయి. ఆ తలుపును ఎంత తెరవాలో కంప్యూటర్ లెక్కగట్టి, చిన్న మోటారుతో తెరిపిస్తుంది. అంటే మన కాలు చెప్పేది ఆజ్ఞ కాదు, విన్నపం.

"మధ్యలో గుమాస్తాని పెట్టారన్న మాట" అన్నారు నాన్న. అంతకంటే బాగా నేను చెప్పలేను.

కాస్కేడ్ ఊరి దగ్గర హైవే దిగి టోల్ గేటు దాటగానే ఎక్కుడు మొదలైంది. మొదట పైన్ చెట్ల నీడ, తర్వాత ఆరో మైలు దగ్గర క్రిస్టల్ క్రీక్ రిజర్వాయరు. నీళ్ళలో కొండ నీడ పడే చోటు. అక్కడ ఆగి పులిహోర తిన్నాం. పక్క బెంచీ మీద ఇద్దరు మోటార్‌సైకిల్ వాళ్ళు. ఒకావిడకి అరవై దాటి ఉంటాయి, కొత్త పెద్ద బండి. ఆవిడ స్నేహితుడిది కార్బ్యురేటర్ ఉన్న పాత బండి. నాన్న చేతులు వెనక్కి కట్టుకుని రెండు బళ్ళ చుట్టూ తిరుగుతుంటే ఆవిడే పలకరించింది. నేను మధ్యలో దుబాసీని.

ఆవిడ బండికీ యాక్సిలరేటర్ వైరు లేదు. "మణికట్టు నొప్పి ఉన్నదాన్ని. క్రూజ్ కంట్రోల్ వల్లే ఇంకా నడపగలుగుతున్నాను. వానలో రెయిన్ మోడ్ పెడితే ఎంత తిప్పినా మెత్తగానే లాగుతుంది. వెనక చక్రం జారితే తనే పవర్ తగ్గిస్తుంది" అంది. మరి నచ్చనిది? "ఇలాంటి మెలికల్లో నెమ్మదిగా వెళ్ళేటప్పుడు ఒక్కోసారి కుదుపుతుంది. వెనక బ్రేకు మీద కాస్త కాలు ఆనించి సర్దుకుంటాను. పాడైతే మాత్రం రోడ్డు పక్కన నేను చేయగలిగింది ఏమీ లేదు." స్నేహితుడు నవ్వి తన బండి సంచిలోంచి చుట్టగా చుట్టిన స్పేర్ కేబుల్ తీసి చూపించాడు. అయితే పైకి వెళ్ళేకొద్దీ గాలి పలచబడి, ఆయన బండి పెట్రోలు ఎక్కువై నల్లపొగ కక్కుతుందట.

ఆవిడ అనుమతి తీసుకుని నాన్న హ్యాండిల్ గ్రిప్ ఒకసారి తిప్పి చూశారు. ఇంజిన్ ఆపే ఉంది. "మెత్తగానే ఉందమ్మా. కానీ చేతికి ఏమీ చెప్పట్లా" అన్నారు.

పదమూడో మైలు దగ్గర గ్లెన్ కోవ్ దాటాక చెట్లు అయిపోతాయి. ఇక రాళ్ళూ, ఆకాశమూ. చాలాచోట్ల రోడ్డు అంచున రెయిలింగ్ కూడా లేదు. 1916 నుంచి కార్ల పందెం జరిగేది ఈ రోడ్డు మీదే. 12.42 మైళ్ళు, 156 మలుపులు. 2011 దాకా కొంత మట్టిరోడ్డు కూడా ఉండేదట. నా అరచేతులు తడిసిపోయాయి. కారు మళ్ళీ నీరసంగా లాగుతోంది. గుండె గుభేలుమంది. డ్యాష్‌బోర్డు వంక చూశాను. ఏ లైటూ లేదు.

ఇది రోగం కాదు, కొండ స్వభావం. శిఖరం మీద గాలి ఒత్తిడి సముద్ర మట్టంలో ఉన్నదానిలో 60 శాతమే. టర్బో లేని ఇంజిన్ వెయ్యి అడుగులకి సుమారు 3 శాతం బలం పోగొట్టుకుంటుంది. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ ఉంటే తలుపును కొంచెం ఎక్కువ తెరిచి సర్దగలదు కానీ, పూర్తిగా తెరిచాక అదైనా లేని గాలిని ఎక్కణ్ణుంచి తెస్తుంది? గాలితో పనిలేని ఎలక్ట్రిక్ కార్లకి ఈ బాధ లేదు. 2018లో ఇదే కొండ మీద ఒక ఎలక్ట్రిక్ రేసు కారు 7 నిమిషాల 57 సెకన్లలో ఎక్కి రికార్డు పెట్టింది. నేను మాత్రం రెండో గేరులో పెట్టి, కాలు స్థిరంగా ఉంచి, మెల్లగా లాగించాను.

శిఖరం మీద దిగితే చలిగాలి చెంపన కొట్టినట్టుంది. 1893లో వెల్స్‌లీ కాలేజీ ప్రొఫెసర్ క్యాథరిన్ లీ బేట్స్ బండిలో ఈ శిఖరానికి వచ్చి, ఇక్కడ చూసిన దృశ్యం నుంచే 'అమెరికా ది బ్యూటిఫుల్' గీతం రాసింది. అంతకు ముందే, 1858లో, జూలియా ఆర్చిబాల్డ్ హోమ్స్ నడిచి ఎక్కింది. కారులో వచ్చి భయపడుతున్నానే అని సిగ్గేసింది. పైన అమ్మే డోనట్లు ఈ ఎత్తుకి తగ్గట్టు ప్రత్యేకంగా చేస్తారు. అమ్మ ఒకటి విరిచి, "గారెకి మల్లే చిల్లు పెట్టారు గానీ ఉప్పు మర్చిపోయారే" అంది.

నాన్న మాత్రం మాట్లాడకుండా కిందికి చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి, "మీ పెదనాన్న చెయ్యి ఎందుకు పైకి లేవదో తెలుసామ్మా?" అన్నారు.

చెట్టు మీంచి పడ్డాడని చిన్నప్పటి నుంచీ విన్నాను.

"చెట్టు కాదు. మా ఇద్దరికీ కలిపి ఒక రాజ్‌దూత్ ఉండేది. దాని యాక్సిలరేటర్ వైరు పోగులు తెగుతున్నాయని నేను చూశా. జీతం వచ్చాక మారుద్దామనుకున్నా. అన్నకి చెప్పలా. ఆ తెగిన పోగు తొడుగులో ఇరుక్కుపోయింది. అన్న గ్రిప్ వదిలినా బండి వదల్లా. కాలవలో పడ్డాడు."

ఏమనాలో తెలియలేదు. ఆయనే మళ్ళీ అన్నారు: "పోయినేడు నీ బండిలో సెన్సరు పాడైంది గదా. పాడవంగానే నీకు చెప్పింది, బలం తగ్గించుకుంది. పక్కకి పోయేంత మాత్రం ఉంచుకుంది. నా బండి చెప్పలేదు, నేనూ చెప్పలేదు."

నాకప్పుడు దోర్నాల ఘాటు గుర్తొచ్చింది. 1986 శివరాత్రికి శ్రీశైలం పోతుంటే చేతక్ వైరు పూర్తిగా తెగింది. నేను ముందు నిలబడి ఉన్నాను, అమ్మ వెనక. నాన్న పక్క డోము తీసి, కార్బ్యురేటర్ స్లో స్క్రూ బిగించి, ఆ స్లో మీదే బండిని మెల్లగా వెనక్కి దోర్నాల దాకా తెచ్చారు. నా కారు చేసిందీ అదే. రెండు సెన్సర్ల లెక్క కలవకపోతే కంప్యూటర్ మోటారుకి కరెంటు ఆపేస్తుంది. స్ప్రింగు ఆ తలుపును రవ్వంత తెరిచి ఉంచుతుంది. దాన్నే లింప్ మోడ్ అంటారు, కుంటుకుంటూ ఇల్లు చేరమని. ఏడాదిగా నన్ను మోసం చేసిందనుకున్న బండి నిజానికి మా నాన్న చేసిన పనే చేసింది. కాకపోతే ట్రక్కు వెనక ఉందని దానికి తెలియదు. అది దానిలోని లోపమే, ఒప్పుకోవాలి.

దిగేటప్పుడు చిన్న గేరులో పెట్టి, పెడల్ మీంచి కాలు తీసేశాను. ఇంజినే బండిని పట్టుకుంది. గ్లెన్ కోవ్ దగ్గర రేంజర్లు ప్రతి బండినీ ఆపి బ్రేకుల వేడి చూస్తారు. మా ముందు కారుని చల్లారేదాకా పక్కన నిలబెట్టారు. మా చక్రం చూసి ఆవిడ బొటనవేలు పైకెత్తి పొమ్మంది. నాన్న తనకే పదోతరగతి పాసైనంత సంబరపడ్డారు.

మీలో చాలామందిమి పిల్లల్ని బడికీ, సంగీతం క్లాసుకీ తిప్పుతూ రోజూ ఈ వైరు లేని పెడలే తొక్కుతున్నాం. దానివల్ల మేలు చాలా ఉంది. 2012 మోడల్ నుంచి అమెరికాలో కొత్త కార్లకి తప్పనిసరి చేసిన స్టెబిలిటీ కంట్రోల్, మంచులో కారు జారితే మన కాలు కిందే ఉన్న పవర్‌ని తగ్గించగలిగేది దీంతోనే. ముందు కారుని చూసి వేగం తగ్గించే క్రూజ్ కంట్రోల్ కూడా అంతే. కష్టాలూ ఉన్నాయి: తొక్కాక ఒక్క క్షణం ఆలస్యం, ఖరీదైన రిపేరు, రోడ్డు పక్కన ఏమీ చేయలేకపోవడం.

2009-10లో టొయోటా కార్లు వాటంతట అవే దూసుకుపోతున్నాయని గోల జరిగింది. ప్రభుత్వం నాసా ఇంజనీర్ల చేత కూడా పరీక్ష చేయించింది. ఎలక్ట్రానిక్స్‌లో అలాంటి లోపం కనబడలేదనీ, ఇరుక్కున్న పెడళ్ళూ, పెడల్‌ని పట్టేసిన ఫ్లోర్ మ్యాట్లూ కారణాలనీ 2011లో తేల్చారు. 2013లో ఓక్లహామాలో ఒక జ్యూరీ మాత్రం ఆ కంపెనీదే బాధ్యత అంది. వాదనలు ఎలా ఉన్నా, మన చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి.

డ్రైవర్ వైపు మ్యాట్ కొక్కేలకి తగిలించి ఉందో లేదో చూసుకోండి. మ్యాట్ మీద మ్యాట్ వేయకండి. ఎప్పుడైనా కారు ఆగకుండా దూసుకుపోతే బ్రేకు ఒకటే గట్టిగా తొక్కి పట్టుకోండి. కొట్టి కొట్టి వదిలితే బ్రేకుకి సాయపడే వాక్యూమ్ అయిపోయి పెడల్ బిగుసుకుంటుంది. వెంటనే న్యూట్రల్‌లోకి మార్చండి, ఇంజిన్ ఎంత అరిచినా అరవనివ్వండి. పక్కకి ఆగాక ఇంజిన్ ఆపండి. బటన్ కార్లలో అది నడుస్తుండగా ఎలా ఆపాలో మాన్యువల్‌లో ఒకసారి చదివి పెట్టుకోండి. ఇంజిన్ లైటు వెలిగితే జీతం వచ్చేదాకా ఆగకండి. ఇంట్లో ఇంకెవరైనా ఆ కారు నడుపుతుంటే వాళ్ళకీ చెప్పండి. ఈ ఆఖరి రెండు మాటలూ మా నాన్నవి.

ఆ రాత్రి నాన్న పెదనాన్నకి వీడియో కాల్ చేశారు. తలుపు వేసుకుని చాలాసేపు మాట్లాడారు. ఏం మాట్లాడారో నేనడగలేదు.

తర్వాతి శనివారం పిల్లల్ని తీసుకుని ఐ-70 మీద వెళ్ళాను. సొరంగం మూడు మైళ్ళుందనగా చిన్నది, "అమ్మా, ఇక్కడే కదా కారు చచ్చిపోయింది?" అంది.

"చచ్చిపోలేదే, కుంటింది" అన్నారు వెనక సీట్లోంచి తాతయ్య.